వేప గింజల కషాయం – ఒక ఆధునిక చరిత్ర: పొగాకు నారుమడి నుండి పురుగుమందులు లేని గ్రామం వరకు

సారాంశం

తెలుగు ప్రాంతాలలో పురుగుమందులు లేని సస్యరక్షణను నేడు తరచుగా 'పూర్వీకుల విజ్ఞానం'గా వ్యవహరిస్తున్నారు. వేప గింజల కషాయాన్నీ, ఎర్ర గొంగళి పురుగు నివారణనూ ప్రధాన ఉదాహరణలుగా తీసుకొని ఈ వ్యాసం ఆ పద్ధతుల చరిత్రను పరిశీలిస్తుంది. వీటిలో చాలా భాగం ఇరవయ్యవ శతాబ్దిలో పరిశోధన కేంద్రాలకూ, స్వచ్ఛంద సంస్థలకూ, గ్రామాలకూ నడుమ జరిగిన ఇచ్చిపుచ్చుకోవడంలో రూపుదిద్దుకున్నదేననీ, అవి నిలవడానికి ఆధారమైనది కషాయం పాళ్ళకన్నా సామూహిక శ్రమ అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సస్యరక్షణ, వేప, పొగాకు లద్దె పురుగు, ఎర్ర గొంగళి పురుగు, పత్తి, పునుకుల, మహిళా సమాఖ్యలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు రైతు 'మందు' అనే ఒక్క మాటను పొలానికి వేసే ఎరువుకూ, పురుగు మీద చల్లే విషానికీ, మనిషి రోగానికిచ్చే ఔషధానికీ వాడుతాడు. 'చేనుకు మందు కొట్టాలి' అన్నప్పుడు ఆ మాటలో వినిపించేది చికిత్స. విషమన్న భావం అందులో స్ఫురించదు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో కీటకనాశక రసాయనాలు గ్రామాలలో స్థిరపడింది ఈ పేరుతోనే. వాటికి ప్రత్యామ్నాయంగా వచ్చిన వేప గింజల ద్రావణం కూడా వైద్య పరిభాషనే ఆశ్రయించి 'కషాయం' అయింది. జనవ్యవహారంలో కషాయమంటే కాచి వడపోసినది. ఆయుర్వేదంలో చన్నీట నానబెట్టే 'హిమం' కూడా కషాయ భేదమే అయినా, ఈ ద్రావణానికి పేరు వచ్చింది ఆ శాస్త్ర సూక్ష్మం తెలిసి కాదు. అయిదు కిలోల గింజల పప్పు పొడిని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి, వంద లీటర్లకు పెంచి సాయంకాలం పిచికారీ చేయడం దీని పద్ధతి. వ్యవసాయ శాఖ కరపత్రాలలో కనిపించే 'అయిదు శాతం వేప గింజల కషాయం' ఇదే.

ఈ పద్ధతి ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు రెండు సమాధానాలు వినిపిస్తాయి. ఇది తాతల నాటిదేననీ, రసాయనాలు దానిని మరుగుపరిచాయనీ ఒక వాదం. ఇది శాస్త్రజ్ఞులు కనిపెట్టి రైతుకు అందించినదని రెండవ వాదం. మొదటిది పరిశోధన కేంద్రాల కృషిని చెరిపివేస్తుంది. రెండవది గ్రామాల కృషిని చెరిపివేస్తుంది. ఈ చర్చ కేవలం కీర్తి ఎవరికి దక్కాలన్న విషయానికి పరిమితం కాదు. ఒక పద్ధతి దేనివలన నిలిచిందో తెలియకపోతే దానిని మరొక చోట నిలబెట్టడం సాధ్యం కాదు. అందుచేత దాని చరిత్రను దశలవారీగా చూడవలసి ఉంది.

2. రసాయనాలకు ముందు

దక్షిణ భారతంలో పంట పురుగుల శాస్త్రీయ అధ్యయనానికి తొలి ప్రామాణిక గ్రంథాలలో ఒకటి టి. బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో మద్రాసు నుండి ప్రచురించిన దక్షిణ భారత కీటకాల గ్రంథం. 1940లో టి.వి. రామకృష్ణ అయ్యర్ రచించిన ఆర్థిక కీటకశాస్త్ర కరదీపిక ఈ జ్ఞానాన్ని మరింత విస్తరించింది. డి.డి.టి. రాకకు ముందు నాటి ఈ రచనలలో నివారణ అంటే ప్రధానంగా పురుగు జీవితచక్రాన్ని ఎరిగి, అది బలహీనంగా ఉన్న దశలో పట్టుకోవడం: గుడ్ల సముదాయాలను ఏరడం, దీపపు ఎరలు పెట్టడం, కందకాలు తవ్వడం, వేసవి దుక్కి దున్నడం, పంట మోళ్ళను పీకి కాల్చడం.

ఈ పనులు ఒక్క రైతు చేస్తే ఫలించవు. పక్క చేనులో మిగిలిన పురుగు మళ్ళీ వస్తుంది. నాటి ప్రభుత్వం ఈ చిక్కును చట్టంతో ఎదుర్కొన్నది. 1919 నాటి మద్రాసు వ్యవసాయ తెగుళ్ళ, చీడల చట్టం ప్రకటిత ప్రాంతాలలో నివారణ చర్యలను నిర్బంధం చేసే అధికారమిచ్చింది. అంతకుముందే గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వుకుళ్ళు తెగులును శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ అధ్యయనం చేయగా, తెగులు సోకిన తలలను నరికి కాల్చే కార్యక్రమం ప్రభుత్వ సిబ్బంది ద్వారా నడిచింది. ఈ చట్టం మద్రాసు రాష్ట్రానికి చెందినది. నిజాం పాలనలోని తెలంగాణకు అది వర్తించలేదు.

ఈ దశ నుండి గ్రహించవలసిన అంశాలు రెండు. రసాయనేతర నివారణ అనేది వలస పాలనా కాలపు వ్యవసాయ శాఖ అధికారిక శాస్త్రమే. దానికి సామూహిక ఆచరణ తప్పనిసరి అన్న ఎరుక కూడా అప్పుడే ఉంది. అయితే ఆ సామూహికత పైనుండి ఆజ్ఞగా వచ్చింది. స్వాతంత్ర్యానంతరం డి.డి.టి., బి.హెచ్.సి., ఆ తరువాత ఆర్గానోఫాస్ఫేట్ రసాయనాలు అందుబాటులోకి రాగా ఈ చిక్కు తొలగిపోయినట్లు కనిపించింది. డబ్బా కొనుక్కున్న రైతు ఇరుగుపొరుగుతో నిమిత్తం లేకుండా తన చేనును తానే కాపాడుకోవచ్చు. రసాయనం తెచ్చిన అసలు మార్పు ఇది: ఊరి పనిగా ఉన్న సస్యరక్షణ ఒంటరి రైతు కొనుగోలుగా మారింది.

3. నారుమడిలో వేప

ధాన్యపు గాదెలలో వేపాకు వేయడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటే. నిల్వ ధాన్యాన్ని కాపాడే ఆకు వేరు, నిలిచి ఉన్న పైరు మీద చల్లే గింజల ద్రావణం వేరు. రెండవదానికి శాస్త్రీయ పునాది మిడతల పరిశోధనలో పడింది. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనమంతా తినివేసినా వేపచెట్లు మిగిలి ఉండడాన్ని జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిఖ్ ష్ముట్టరర్ గమనించాడు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్, ఎం.జి. జోత్వాణి, బి.కె. రాయ్ వేప గింజల పప్పును నీటిలో కలిపి ఆకుల మీద చల్లితే మిడతలు వాటిని తినకుండా వదిలివేస్తున్నాయని 1962లో ప్రకటించారు. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ ఈ గుణానికి మూలమైన అజాడిరక్టిన్ పదార్థాన్ని వేరుచేశారు.

తెలుగు నేల మీద ఈ జ్ఞానాన్ని పంటకు అన్వయించిన కేంద్రాలలో ముఖ్యమైనది 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ. పొగాకు నారుమడులను స్పొడోప్టెరా లిటురా అనే లద్దె పురుగు రాత్రికి రాత్రే కొరికివేస్తుంది. నారు పోతే ఆ ఏటి పంటే పోతుంది. అక్కడి శాస్త్రజ్ఞులు వేప గింజల ద్రావణంతో పాటు, నారుమడి చుట్టూ ఆముదపు మొక్కలను ఎరపంటగా వేయడం, గుడ్లను నాశనం చేసే పరాన్నజీవి టెలినోమస్ రీమస్‌ను విడుదల చేయడం, పురుగుకు వ్యాధి కలిగించే ఎన్.పి.వి. వైరస్‌ను వాడడం వంటి పద్ధతులను పరిశీలించి సిఫారసు చేశారు. తల్లి పురుగు ఆముదపు వెడల్పాటి ఆకుల మీద గుడ్లను కుప్పగా పెడుతుంది. ఆ ఆకులను తుంచి నాశనం చేస్తే నారు మీద చల్లవలసిన అవసరమే చాలావరకు తగ్గుతుంది.

నారుమడి ఈ పద్ధతులకు అనువైన చోటు. దాని విస్తీర్ణం తక్కువ. రోజూ చూడవచ్చు, ఆకులు ఏరవచ్చు, గింజలు దంచవచ్చు. ఎకరాల కొద్దీ పరుచుకున్న పత్తి చేనులో ఇంత శ్రమ ఎవరు చేస్తారన్నది అప్పటికి ఎదురుకాని ప్రశ్న. ఇంకొక ఇబ్బంది వేప స్వభావంలోనే ఉంది. అది పురుగును వెంటనే చంపదు. తినకుండా అడ్డుకుంటుంది, కుబుసం విడవడాన్ని దెబ్బతీస్తుంది. ఎండ తగిలితే త్వరగా శక్తిని కోల్పోతుంది. కాబట్టి గుడ్ల దశలోనో పిల్ల పురుగుల దశలోనో, పొద్దు వాలిన తరువాత చల్లాలి. 'మందు కొడితే పురుగు రాలాలి' అన్న అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. ఆకు అడుగున గుడ్లను గుర్తుపట్టగల కన్ను లేని చోట వేప విఫలమైనట్లే కనిపిస్తుంది.

4. పత్తి చేలో రసాయనాల వైఫల్యం

1970ల నుండి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి విస్తరించింది. 1980ల ఆరంభంలో వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్లు మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. అతిగా వాడడం వలన తెల్లదోమ విజృంభించింది. దాని సహజ శత్రువులు రసాయనాలకు చనిపోయాయి. 1987లో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లను తట్టుకొని నిలిచింది. భారతదేశంలో ఈ పురుగులో పైరిథ్రాయిడ్ నిరోధకత మొదట నమోదైంది ఆంధ్రప్రదేశ్ పత్తి చేలలోనే. 1987-88లో పంట పోయి, అప్పులు మిగిలి, కోస్తా జిల్లాల పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పదేళ్ళకు, 1997-98లో, వరంగల్లు జిల్లాలో లద్దె పురుగు విజృంభణతో అదే విషాదం మరింత విస్తృతంగా పునరావృతమైంది. అనేకుల విషయంలో ప్రాణం తీసింది చేనులో పురుగును చంపలేకపోయిన ఆ మందే.

దేశ సాగుభూమిలో సుమారు 5 శాతమే ఆక్రమించే పత్తి ఆ రోజులలో మొత్తం పురుగుమందులలో దాదాపు సగం వినియోగించిందన్నది తరచుగా ఉటంకించే అంచనా. విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇచ్చి, ఏ మందు ఎప్పుడు కొట్టాలో సలహా కూడా ఇచ్చేది దుకాణదారే. పరిశోధన కేంద్రాల సిఫారసులు లేకపోలేదు. 1985లోనే కేంద్ర ప్రభుత్వం సమగ్ర సస్యరక్షణను జాతీయ విధానంగా స్వీకరించింది. అయితే అప్పు ఉన్న చోటికే సలహా కూడా చేరింది. పురుగులో నిరోధకత జీవశాస్త్ర విషయం. అదే మందును పదేపదే కొట్టించినది మాత్రం అప్పుల వ్యవస్థ.

5. ఎర్ర గొంగళి పురుగు: మంటల చుట్టూ ఒక ఊరు

పురుగుమందులు లేని సస్యరక్షణ ఉద్యమంగా మారింది మొదట పత్తిలో కాదు, తెలంగాణ మెట్ట భూముల ఆముదపు చేలలో. ఆమ్‌సాక్టా ఆల్బిస్ట్రైగా అనే ఎర్ర గొంగళి పురుగు నేలలో కోశస్థ దశలో నిద్రాణంగా ఉండి, తొలకరి వానలకు రెక్కల పురుగుగా బయటికి వస్తుంది. గుడ్ల నుండి వెలువడిన గొంగళ్ళు మొలక దశలోని పైరును దండుగా కదులుతూ తినివేస్తాయి. ఒళ్ళంతా దట్టమైన వెంట్రుకలున్న ఎదిగిన పురుగుపై రసాయనాలు సరిగా పనిచేయవు. మెట్ట రైతుకు వాటిని కొనే స్థోమత కూడా లేదు.

1980ల చివర హైదరాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, దాని భాగస్వామ్య సంస్థలు ఈ సమస్యను చేపట్టాయి. రాజమండ్రి పొగాకు పరిశోధన సంస్థ సంచాలకులుగా పనిచేసిన ఎం.ఎస్. చారి, భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన ఎన్.కె. సంఘీ వంటి శాస్త్రజ్ఞులు ఈ కృషితో కలిశారు. నారుమడిలో సాధించిన అనుభవం మెట్ట చేలకు చేరిన దారులలో ఇదొకటి. రాజమండ్రి నుండి వచ్చినది గింజల ద్రావణం ఒక్కటే కాదు. పురుగు ఏ దశలో బలహీనమో అడిగే దృష్టి కూడా వచ్చింది.

ఎర్ర గొంగళికి బలహీన దశ తొలకరి రాత్రులు. ఆ కొద్ది రోజులలో రెక్కల పురుగులు వెలుగుకు ఆకర్షితమవుతాయి. చేల గట్ల మీద మంటలు వేస్తే వచ్చి పడతాయి. మిగిలిన గొంగళ్ళను చేల చుట్టూ తవ్విన కందకాలతో, ఎరగా వేసిన జిల్లేడు కొమ్మలతో ఆపవచ్చు. వెలుగుతో పురుగులను పట్టడం పాత మద్రాసు శాఖ పుస్తకాలలో ఉన్న సూత్రమే. కొత్తది ఊరి ఏర్పాటు. ఒకరు మంట వేసి పక్కవారు మానుకుంటే పక్క చేలో పెట్టిన గుడ్ల నుండి గొంగళ్ళు నడిచి వస్తాయి. అందువలన వాన పడిన వెంటనే ఒకే రాత్రి ఊరంతా మంటలు వేయాలి. 1919 చట్టం నిర్బంధంతో సాధించ చూసినదాన్ని ఇక్కడ సంఘాల సమావేశాలు ఒప్పందంతో సాధించాయి. ఒంటరి కొనుగోలుగా మారిన సస్యరక్షణ తిరిగి ఊరి పని అయింది.

6. పునుకుల: పత్తిలో పరీక్ష

ఈ అనుభవానికి కఠిన పరీక్ష ఖమ్మం జిల్లా పునుకులలో జరిగింది. నేడు ఆ గ్రామం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పత్తి ప్రధాన పంటగా, పురుగుమందుల అప్పులతో నలిగిన ఆ గ్రామంలో 1999 నుండి సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేసింది. మొదట కొద్దిమంది రైతులే ముందుకు వచ్చారు. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణం, పసుపు రంగు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, ఎరపంటగా ఆముదం, బంతి వాడారు. 2003-04 నాటికి గ్రామం పురుగుమందులు లేనిదిగా ప్రకటించుకొంది. 2006లో వరంగల్లు జిల్లా ఏనబావి రసాయన ఎరువులను కూడా విడిచి సేంద్రియ గ్రామంగా ప్రకటించుకొంది.

పునుకుల కథను ఖర్చు తగ్గిన కథగా చెప్పడం పరిపాటి. డబ్బు రూపంలో ఖర్చు తగ్గిన మాట నిజం. అయితే దాని స్థానంలో వచ్చినదేమిటో కూడా లెక్కించాలి. వేపపండ్లు రాలేది వేసవి చివర, తొలకరి ముందు. ఆ కొద్ది వారాలలో వాటిని ఏరి, గుజ్జు తీసి, నీడన ఆరబెట్టి, నిల్వ చేసి, అవసరమైనప్పుడు దంచాలి. ఈ పనులు ఎక్కువగా స్త్రీల మీద పడ్డాయి. నారుమడికి చాలే పని పత్తి చేనుకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీనికి పునుకులలో దొరికిన పరిష్కారం గింజలను పొడి చేసే యంత్రం. దానిని మహిళా సంఘం నడిపింది. గింజలు ఏరినవారికీ, పొడి చేసినవారికీ కూలి దక్కింది. కనిపించని శ్రమ ఇక్కడ వేతనం పొందే శ్రమగా మారింది. గ్రామంలో ఈ పద్ధతి నిలవడంలో కషాయానికి ఎంత పాత్ర ఉందో ఆ యంత్రానికీ అంత పాత్ర ఉందని భావించవచ్చు.

7. సమాఖ్యల ద్వారా విస్తరణ

2004లో హైదరాబాదులో సుస్థిర వ్యవసాయ కేంద్రం ఏర్పడింది. ఆ తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ పద్ధతులను మహిళా స్వయం సహాయక సంఘాల సమాఖ్యల ద్వారా రాష్ట్రవ్యాప్తం చేసింది. వ్యవసాయ శాఖను కాక పొదుపు సంఘాలను వాహికగా ఎంచుకోవడం ఈ దశలోని విశేషం. అప్పు ఉన్న చోటికే సలహా చేరుతుందన్న పాత సత్యాన్ని ఇది అనుకూలంగా మలచుకొన్నది: ఇప్పుడు అప్పు ఇచ్చేది సంఘం, సలహా ఇచ్చేది కూడా సంఘమే. 2009 నాటి ప్రపంచ బ్యాంకు పత్రం ప్రకారం నాలుగేళ్ళకు పైబడిన కాలంలో 3 లక్షలకు మించిన రైతులు 13.6 లక్షల ఎకరాలలో, అంటే రాష్ట్ర నికర సాగుభూమిలో 5.1 శాతంలో, ఈ విధానాన్ని చేపట్టారు.

ఈ గణాంకాలను చదివేటప్పుడు పరిశోధకులు రెండు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది కాలపు సమస్య. 2002లో దేశంలో బి.టి. పత్తికి అనుమతి లభించింది. కొద్ది ఏళ్ళలోనే పత్తి విస్తీర్ణమంతా దాదాపుగా దానిదైంది. కాయతొలుచు పురుగుల మీద పిచికారీలు తగ్గడానికి అది కూడా కారణం. గులాబీ రంగు పురుగు ఆ తరువాత బి.టి.ని తట్టుకోవడంతో ఆ లాభం క్షీణించింది. రెండవది కొలమానపు సమస్య. పురుగుమందుల వినియోగాన్ని ప్రభుత్వ లెక్కలు టన్నులలో, అసలు విషపదార్థపు బరువుగా చూపుతాయి. ఎకరాకు గ్రాములలో సరిపోయే కొత్త తరం రసాయనాలు రావడం వలన పిచికారీల సంఖ్య తగ్గకపోయినా టన్నులు తగ్గుతాయి. కాబట్టి రాష్ట్రస్థాయి వినియోగం తగ్గడాన్ని పూర్తిగా ఈ ఉద్యమానికే ఆపాదించడం సరికాదు. గ్రామస్థాయిలో రైతుల ఖర్చుల పుస్తకాలు, సంఘాల తీర్మానాలు, కషాయ దుకాణాల లెక్కలు ఇంతకన్నా నమ్మదగిన ఆధారాలు. అవి పోకముందే సేకరించవలసిన అవసరం ఉంది.

8. పేర్లు మారిన తీరు

2000లో ఐరోపా పేటెంటు కార్యాలయం వేపనూనెతో శిలీంధ్ర నివారణపై ఇచ్చిన పేటెంటును రద్దు చేసింది. 2005లో అప్పీలులోనూ ఆ నిర్ణయమే నిలిచింది. ఈ న్యాయపోరాటం వేపను 'సంప్రదాయ జ్ఞానం' అన్న భావనకు ప్రతీకగా నిలబెట్టింది. అంతకు కొద్దిముందు, 1996లో, వై.ఎల్. నెనె నెలకొల్పిన ఆసియన్ అగ్రి–హిస్టరీ ఫౌండేషన్ సికింద్రాబాదు నుండి సురపాలుని వృక్షాయుర్వేదాన్ని నళినీ సాధలే అనువాదంతో ప్రచురించింది. ప్రాచీన గ్రంథాలలో సస్యరక్షణ ప్రస్తావనలు ఉన్నాయనడానికి అది విలువైన ఆధారమే. కానీ గ్రంథంలో ఉండడం వేరు, ఊరిలో ఆచరణగా కొనసాగడం వేరు. మొదటిదాన్ని చూపి రెండవదాన్ని నిరూపించలేము.

సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ప్రకృతి వ్యవసాయంతో పేర్లు మరొకసారి మారాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ఆ విధానాన్ని విస్తరింపజేసింది. నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం అనే పేర్లు గ్రామాలలో వాడుకయ్యాయి. తయారీలో గోమూత్రం, గోమయం, ఆకులు చేరాయి. వైద్య పరిభాష నుండి యుద్ధ పరిభాషకు, కషాయం నుండి అస్త్రానికి వచ్చిన ఈ మార్పు పైకి కనిపించేంత చిన్నది కాదు. 'అయిదు శాతం' అన్న మాటలో ప్రయోగశాల జాడ ఉంది. 'అస్త్రం' అన్న మాటలో ఆ జాడ లేదు. పేరు పాతబడినకొద్దీ ఆ పద్ధతి నిన్నటిదన్న సంగతి మరుగున పడుతుంది.

9. ముగింపు

వేప గింజల కషాయం చరిత్ర ఢిల్లీ ప్రయోగశాల, రాజమండ్రి నారుమడి, తెలంగాణ ఆముదపు చేలు, పునుకుల పత్తి చేలు, మహిళా సమాఖ్యల దుకాణాల మీదుగా సాగింది. ఇందులో ఏ ఒక్క మజిలీని తొలగించినా తరువాతిది అర్థం కాదు. దీనిని సనాతన జ్ఞానమనడం వలన గౌరవం పెరిగినట్లు కనిపించవచ్చు; కాని ప్రభుత్వ పరిశోధనకు నిధులెందుకు, గింజలు ఏరే స్త్రీలకు కూలి ఎందుకు అన్న ప్రశ్నలు ఆ మాట చాటున అడగకుండా మిగిలిపోతాయి. తాతలు ఇచ్చినదే అయితే దానికి ఎవరికీ ఏమీ చెల్లించనవసరం లేదు కదా.

నూరేళ్ళ ఈ అనుభవం చూపేది ఒకటే. పురుగు గట్టు చూసి ఆగదు. దానిని ఎదుర్కొనే పని ఆజ్ఞతోనైనా, ఒప్పందంతోనైనా ఊరంతా కలిసి చేసినప్పుడే ఫలించింది; ఒంటరి రైతు చేతికి డబ్బా ఇచ్చినప్పుడు కొంతకాలం ఫలించినట్లు కనిపించి విషాదంగా ముగిసింది. అదే కషాయాన్ని రేపు సీసాలో నింపి ఒంటరి రైతుకు అమ్మితే అది మరొక 'మందు'గా మిగిలిపోయే ప్రమాదం ఉంది. సుస్థిర సస్యరక్షణపై జరగవలసిన పరిశోధన ద్రావణాల గుణాలతో పాటు వాటిని తయారుచేసే చేతులనూ, తొలకరి రాత్రి ఊరంతటినీ గట్ల మీదికి రప్పించిన ఒప్పందాలనూ అధ్యయన వస్తువుగా స్వీకరించాలి.